గని మీ జిల్లాలో.. డబ్బు ఎక్కడ? ఖనిజ సంపద కొందరికి వరం, కొందరికి శాపం ఎందుకవుతుంది?

మీరు ఈ కథనం చదువుతున్న ఫోన్‌కు రాత్రి చార్జింగ్ పెట్టే ఉంటారు. ఆ కరెంటులో కొంత కొత్తగూడెంలోనో, గోదావరిఖనిలోనో తవ్విన బొగ్గు నుంచి వచ్చి ఉండొచ్చు. మీరుంటున్న అపార్ట్‌మెంటుకు వాడిన సిమెంటు పల్నాడు సున్నపురాయో, సూర్యాపేట జిల్లా సున్నపురాయో కావచ్చు.

మనకు కరెంటు వచ్చింది, సిమెంటు వచ్చింది. మరి ఆ గని పక్కనున్న ఊరికి ఏం వచ్చింది? దుమ్ము, లారీల రద్దీ, అడుగంటిన బోర్లు కాకుండా ఇంకేమైనా వచ్చిందా?

రావాలని చట్టం చెబుతోంది. గనుల నుంచి తీసే ఖనిజంపై కొంత డబ్బును ఆ జిల్లా పేరుతోనే జమ చేయాలన్న నిబంధన 2015 నుంచి ఉంది. దేశవ్యాప్తంగా ఇలా జమైన మొత్తం ఇప్పటికే లక్ష కోట్ల రూపాయలు దాటింది. అయినా ఈ డబ్బు గురించి చాలామందికి తెలియదు. దీనికి అధ్యక్షత వహించేది ఎవరో, దేనికి ఖర్చు పెట్టాలో, లెక్క ఎవరిని అడగాలో అంతకన్నా తెలియదు.

ఆ లెక్క ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ముందు ఒక ప్రశ్నకు సమాధానం కావాలి. ఒకే రకమైన ఖనిజ సంపద కొన్ని దేశాలను బాగుచేసి, మరికొన్నింటిని ఎందుకు ముంచింది?

‘వనరుల శాపం’ అంటే ఏంటి?

భూమిలో చమురో, వజ్రాలో, ఇనుమో దొరికితే దేశం బాగుపడుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ 1990లలో ఆర్థికవేత్తలు జెఫ్రీ శాక్స్, ఆండ్రూ వార్నర్ చాలా దేశాల లెక్కలు పోల్చి చూస్తే దీనికి భిన్నమైన ఫలితం కనిపించింది. ఖనిజాలు, ఇతర సహజ వనరుల ఎగుమతులపై ఎక్కువగా ఆధారపడిన దేశాలు సగటున నెమ్మదిగా ఎదిగాయి. దీన్నే ‘వనరుల శాపం’ అంటున్నారు.

ఇది ఎలా జరుగుతుంది? ప్రధానంగా మూడు దారులు చెబుతారు.

మొదటిది ‘డచ్ జబ్బు’. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్‌లో 1959లో భారీగా సహజ వాయువు బయటపడింది. గ్యాస్ ఎగుమతులతో విదేశీ డబ్బు వచ్చిపడి ఆ దేశ కరెన్సీ విలువ పెరిగింది. దాంతో అక్కడి ఇతర వస్తువులు విదేశీ కొనుగోలుదారులకు ఖరీదైపోయాయి. గ్యాస్ కళకళలాడుతుంటే ఫ్యాక్టరీలు నీరసించాయి. అందుకే ఆ పేరు.

రెండోది ధరల ఊగిసలాట. ఖనిజం ధర పెరిగిన ఏడాది ప్రభుత్వాలు ధారాళంగా ఖర్చు పెడతాయి, హామీలు ఇస్తాయి. ధర పడిపోయాక అప్పులు మిగులుతాయి.

మూడోది అన్నింటికన్నా ప్రమాదకరం. ప్రభుత్వానికి ఆదాయం ప్రజల పన్నుల నుంచి వస్తే, ‘మా డబ్బు ఏం చేశారు?’ అని ప్రజలు అడుగుతారు. డబ్బు గనిలోంచి వస్తే అడిగేవాళ్లు తగ్గుతారు. గని ఎవరి చేతిలో ఉంటే డబ్బు వారిదే కాబట్టి, కష్టపడి వ్యాపారం చేయడం కన్నా కుర్చీ పట్టుకోవడమే లాభసాటి అవుతుంది.

అయితే ఈ శాపం అందరికీ తగల్లేదు. నార్వేకు చెందిన ముగ్గురు ఆర్థికవేత్తలు హల్వర్ మెలుమ్, కార్ల్ మోయెన్, రాగ్నర్ టోర్విక్ 2006లో ప్రచురించిన పరిశోధనలో దీనికి కారణం వెతికారు. వ్యవస్థలు బలంగా ఉన్నచోట ఖనిజ సంపద ఎదుగుదలకు తోడవుతుందని, కాజేసేవారికి వీలుగా ఉన్నచోట అదే సంపద దేశాన్ని వెనక్కి లాగుతుందని తేల్చారు.

ఇక్కడ వ్యవస్థలు అంటే పెద్ద భవనాలు కాదు. లీజు ఎవరికి, ఏ పద్ధతిలో ఇవ్వాలో చెప్పే చట్టం. దాన్ని ఉల్లంఘిస్తే శిక్షించే కోర్టు. లెక్కలు చూసే ఆడిటర్. ప్రశ్నించే చట్టసభ, పత్రికలు, గ్రామసభ. ఇవన్నీ కలిపి వ్యవస్థలు.

ఒకే వజ్రం, రెండు దేశాలు

ఆఫ్రికాలోని బోట్స్‌వానాకు 1966లో స్వాతంత్ర్యం వచ్చింది. అప్పట్లో ప్రపంచంలోని అత్యంత పేద దేశాల్లో అదొకటి. దేశం మొత్తం మీద ఉన్న తారురోడ్డు సుమారు 12 కిలోమీటర్లే. మరుసటి ఏడాదే ఒరాపాలో వజ్రాల నిక్షేపం బయటపడింది.

ఒరాపా ఉన్నది మొదటి అధ్యక్షుడు సెరెట్సే ఖామా సొంత తెగ భూభాగంలో. ఆ సంపద మా తెగదేనని ఆయన పట్టుబట్టి ఉంటే దేశం ముక్కలయ్యేది. కానీ ఆయన ప్రభుత్వం 1967లో చట్టం చేసి, తెగల భూముల్లోని ఖనిజాలపై హక్కును దేశానికి బదలాయించింది. తర్వాత డీబీర్స్ కంపెనీతో గట్టిగా బేరమాడి వజ్రాల సంస్థ డెబ్‌స్వానాలో సగం వాటా సాధించింది. ఆ డబ్బుతో రోడ్లు, బడులు, ఆసుపత్రులు కట్టింది. కొంత మొత్తాన్ని భవిష్యత్తు కోసం 1994లో ‘పులా ఫండ్’ పేరుతో పక్కన పెట్టింది. ఆ దేశ భాషలో పులా అంటే వాన.

ఇప్పుడు సియెర్రా లియోన్‌ను చూడండి. అక్కడ వజ్రాలు 1930లోనే దొరికాయి. 1968లో అధికారంలోకి వచ్చిన సియాకా స్టీవెన్స్ హయాంలో వజ్రాల వ్యాపారం పాలకుడి సన్నిహితుల గుప్పిట్లోకి వెళ్లింది. ప్రభుత్వ ఖజానాకు చేరాల్సిన డబ్బు స్మగ్లింగ్‌లో కరిగిపోయింది. 1991లో అంతర్యుద్ధం మొదలై 2002 దాకా సాగింది. తిరుగుబాటుదారులు వజ్రాలు అమ్మి తుపాకులు కొన్నారు. ‘రక్త వజ్రాలు’ అన్న మాట ప్రపంచానికి పరిచయమైంది ఇలాంటి యుద్ధాల వల్లే.

తేడా అంతా పాలకుల మంచితనంలోనే లేదు. సియెర్రా లియోన్ వజ్రాలు నదీ తీరాల్లో, ఒండ్రుమట్టిలో చెల్లాచెదురుగా ఉంటాయి. పార, జల్లెడ ఉంటే ఎవరైనా ఏరుకోవచ్చు, కాపలా కాయడం కష్టం. బోట్స్‌వానా వజ్రాలు పెద్ద యంత్రాలతో లోతుగా తవ్వాల్సినవి, కాబట్టి లెక్క పెట్టడం సులువు. అయితే సులువుగా లెక్కపెట్టగలిగిన సంపదను కూడా దోచుకున్న దేశాలు చాలానే ఉన్నాయి. బోట్స్‌వానా దోచుకోనివ్వలేదు.

అలాగని బోట్స్‌వానా స్వర్గమేమీ కాదు. అక్కడ ఆర్థిక అసమానతలు ఎక్కువ. ల్యాబ్‌లో తయారైన వజ్రాల పోటీ, డిమాండ్ పతనంతో ఇటీవల ఆదాయానికి గట్టి దెబ్బ తగిలింది. ఆ అసంతృప్తి నడుమ 2024 ఎన్నికల్లో, 58 ఏళ్లుగా అధికారంలో ఉన్న పార్టీని జనం ఓడించారు. అధికారం ప్రశాంతంగా చేతులు మారింది.

ఒకే చమురు, రెండు దారులు

నార్వే సముద్ర జలాల్లో 1969 చివర్లో ఎకోఫిస్క్ చమురు క్షేత్రం బయటపడింది. ఆ దేశం అప్పటికే పన్నులు సక్రమంగా వసూలు చేసే, లెక్కలు చెప్పే దేశం. చమురు వచ్చాక కొత్త నియమాలు రాసుకుంది.

చమురు కంపెనీల లాభాలపై అక్కడ పన్ను మొత్తం 78 శాతం. వచ్చిన డబ్బును నేరుగా బడ్జెట్‌లో కలిపేయకుండా ప్రత్యేక నిధిలో వేయాలని 1990లో చట్టం చేశారు. 1996లో మొదటిసారి డబ్బు జమైంది. నిధిలోని డబ్బును దేశం బయటే పెట్టుబడి పెట్టాలి. ఇది ‘డచ్ జబ్బు’కు మందు. 2001లో ఇంకో నియమం తెచ్చారు. అసలు ముట్టుకోకుండా, దానిపై ఏటా వస్తుందని అంచనా వేసిన రాబడిని మాత్రమే దీర్ఘకాలంలో బడ్జెట్‌కు వాడాలి. మొదట ఆ పరిమితి 4 శాతం, 2017లో 3 శాతానికి తగ్గించారు.

నేడు ఆ నిధి విలువ లక్షన్నర కోట్ల డాలర్లకు పైమాటే. ప్రపంచంలోని లిస్టెడ్ కంపెనీల షేర్లలో సగటున 1.5 శాతం దానివే. ఈ క్షణంలో నిధిలో ఎంత ఉందో దాని వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. మనం బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూసుకున్నంత సులువు.

నైజీరియాలో చమురు అంతకన్నా ముందే, 1956లో, నైజర్ డెల్టాలోని ఒలోయిబిరి దగ్గర దొరికింది. తర్వాత దశాబ్దాల్లో సైనిక పాలనలు, కుట్రలు, చమురు లీకులతో పాడైన వాగులు, చేపల వేట పోగొట్టుకున్న పల్లెలు. 1993 నుంచి 1998 వరకు ఏలిన సైనిక నియంత సాని అబాచా విదేశీ బ్యాంకుల్లో దాచిన సొమ్మును స్విట్జర్లాండ్ వంటి దేశాలు ఇప్పటికీ విడతలవారీగా తిరిగి పంపుతూనే ఉన్నాయి.

డబ్బు స్థానికులకు పంపితే సరిపోతుందా?

నైజీరియా నుంచి మనం నేర్చుకోవాల్సిన అసలు పాఠం ఇక్కడుంది.

‘చమురు మా దగ్గర తీస్తున్నారు, డబ్బు రాజధానికి పోతోంది’ అని డెల్టా ప్రజలు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 1999 రాజ్యాంగంలో ఒక నిబంధన వచ్చింది. సహజ వనరుల ఆదాయంలో కనీసం 13 శాతం అవి దొరికిన రాష్ట్రాలకే తిరిగి ఇవ్వాలి. న్యాయమైన నిబంధనే.

కానీ ఆ డబ్బుపై గవర్నర్లకు ఉన్న అధికారానికి తగ్గ తనిఖీ లేదు. చమురు రాష్ట్రమైన డెల్టాకు 1999 నుంచి 2007 వరకు గవర్నర్‌గా ఉన్న జేమ్స్ ఇబోరి, మోసం, మనీలాండరింగ్ నేరాలను 2012లో లండన్ కోర్టులో ఒప్పుకున్నారు. 13 ఏళ్ల జైలుశిక్ష పడింది. శిక్ష వేసింది లండన్ కోర్టు, నైజీరియా కోర్టు కాదు.

అంటే వాటా రావడం సగం పనే. వచ్చిన వాటాకు లెక్క చెప్పే ఏర్పాటు లేకపోతే దోపిడీ రాజధాని నుంచి జిల్లాకు మారుతుంది, అంతే.

ఈ విషయం గుర్తుపెట్టుకుని ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

మన సరిహద్దులో ఏం జరిగింది?

వనరుల శాపం ఆఫ్రికా కథ మాత్రమే అనుకోకండి. అనంతపురం జిల్లా ఓబుళాపురం, దాని అవతల కర్ణాటకలోని బళ్లారి. 2000ల తొలి ఏళ్లలో చైనా నుంచి ఇనుప ఖనిజానికి గిరాకీ ఎగబాకింది. ఆ ఎర్రమట్టికి ఒక్కసారిగా బంగారం విలువ వచ్చింది.

అటవీ భూమిలో అక్రమ తవ్వకాలు, పర్మిట్లను మించి లారీల్లో తరలింపు, రాష్ట్రాల సరిహద్దు రాళ్లు చెరిపేశారన్న ఆరోపణలు.. ఆ రోజుల పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. గనుల డబ్బు రాజకీయాన్ని నడిపే స్థాయికి చేరింది. కర్ణాటక లోకాయుక్త జస్టిస్ సంతోష్ హెగ్డే 2011 జులైలో ఇచ్చిన నివేదిక, అక్రమ మైనింగ్ వల్ల ఖజానాకు 16 వేల కోట్ల రూపాయలకు పైగా నష్టం జరిగిందని లెక్కగట్టింది. ఆ నివేదికతో ముఖ్యమంత్రి యడియూరప్ప పదవి వదులుకోవాల్సి వచ్చింది. అదే నెలలో బళ్లారిలో మైనింగ్‌ను సుప్రీంకోర్టు నిలిపేసింది.

తర్వాత కోర్టు గనులను మూడు తరగతులుగా విడదీసింది. తీవ్ర ఉల్లంఘనలున్న ‘సి’ తరగతి లీజులను రద్దు చేసింది. ఏటా ఎంత తవ్వాలో పరిమితి పెట్టింది. ఖనిజాన్ని ఈ-వేలంలోనే అమ్మాలంది. కొండలు అవే, ఖనిజం అదే. మారింది నియమాలు, వాటిని అమలు చేయించే పట్టు.

అయితే వ్యవస్థ ఎంత ఆలస్యంగా కదులుతుందో కూడా ఇదే కేసు చెబుతుంది. ఓబుళాపురం కేసును సీబీఐ 2009లో నమోదు చేసింది. గాలి జనార్దన్‌రెడ్డి సహా నలుగురికి హైదరాబాద్ సీబీఐ కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది 2025 మేలో. ఆ తర్వాత శిక్ష అమలును తెలంగాణ హైకోర్టు నిలిపేసింది. అప్పీలు సంగతి అలా ఉంచితే, మొదటి తీర్పుకే 15 ఏళ్లు దాటింది.

మరోపక్క, బళ్లారి ప్రాంత పునరుద్ధరణ కోసం కోర్టు ఆదేశాలతో పోగైన వేల కోట్ల రూపాయలు ఏళ్లపాటు ఖర్చుకు నోచుకోలేదు. దోపిడీ ఆపడం ఒక పని, డబ్బును ఊరికి చేర్చడం ఇంకో పని.

2015లో ఏం మారింది?

బొగ్గు గనులను ఇష్టారాజ్యంగా కేటాయించారంటూ 2014లో సుప్రీంకోర్టు 200కు పైగా బ్లాకుల కేటాయింపును రద్దు చేసింది. ఆ తర్వాత 2015లో గనుల చట్టానికి సవరణ వచ్చింది. అందులో మీకు సంబంధించినవి రెండు.

ఒకటి, ప్రధాన ఖనిజాల లీజులు ఇకపై వేలంలోనే ఇవ్వాలి. రెండు, మైనింగ్ ప్రభావం ఉన్న ప్రతి జిల్లాలో లాభాపేక్ష లేని ఒక ట్రస్టు ఏర్పాటు చేయాలి. దాని పేరే డిస్ట్రిక్ట్ మినరల్ ఫౌండేషన్. ఆఫీసుల్లో అందరూ డీఎంఎఫ్ అంటారు.

డీఎంఎఫ్‌కు డబ్బు ఎలా వస్తుంది?

గని నడిపే సంస్థ రాష్ట్ర ప్రభుత్వానికి రాయల్టీ కడుతుంది. ఆ రాయల్టీలో కొంత శాతాన్ని అదనంగా డీఎంఎఫ్‌కు కట్టాలి. వేలం పద్ధతి రాకముందు ఇచ్చిన లీజులైతే 30 శాతం, వేలంలో దక్కించుకున్నవైతే 10 శాతం. వేలం గనులు ఎలాగూ రాష్ట్రానికి అదనపు మొత్తం చెల్లిస్తాయి కాబట్టి ఈ తేడా. ఇసుక, గ్రానైట్ వంటి చిన్నతరహా ఖనిజాలకు రేటును రాష్ట్రాలు నిర్ణయిస్తాయి.

ఒక ఉదాహరణ చూద్దాం. బొగ్గుపై రాయల్టీ దాని విలువలో 14 శాతం. పాత లీజున్న గనిలో 1,000 రూపాయల విలువైన బొగ్గు తీశారనుకోండి. రాయల్టీ 140 రూపాయలు రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది. అందులో 30 శాతం, అంటే 42 రూపాయలు, దానికి అదనంగా డీఎంఎఫ్‌కు వెళ్తాయి. వెయ్యికి 42 చిన్న మొత్తంలా కనిపిస్తుంది. కానీ రోజూ రైళ్ల కొద్దీ బొగ్గు కదిలే జిల్లాలో అది చాలా పెద్ద మొత్తం.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చుకోవాలి. సింగరేణి లాభాల్లో కార్మికులకు వాటా అన్న వార్త ఏటా దసరా ముందు మీరు చూస్తుంటారు. అది వేరు, ఇది వేరు. అది గనిలో పనిచేసేవారిది. డీఎంఎఫ్ గని వల్ల నష్టపోయే ఊరిది.

దేనికి ఖర్చు పెట్టాలి?

ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన పేరుతో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 2024లో వాటిని సవరించింది. ముఖ్యమైనవి ఇవి:

• కనీసం 70 శాతం డబ్బు ప్రత్యక్షంగా ప్రభావితమైన ప్రాంతాల్లోనే ఖర్చు చేయాలి. గని నుంచి 15 కిలోమీటర్ల పరిధిని ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతంగా చూస్తారు.

• కనీసం 70 శాతం అధిక ప్రాధాన్య రంగాలకు వెళ్లాలి. తాగునీరు, వైద్యం, విద్య, పర్యావరణం, పారిశుద్ధ్యం, మహిళా శిశు సంక్షేమం, వృద్ధులు, దివ్యాంగులు, నైపుణ్య శిక్షణ వంటివి ఈ జాబితాలో ఉన్నాయి. గతంలో ఈ వాటా 60 శాతం ఉండేది.

• రోడ్లు, వంతెనలు, సాగునీరు, విద్యుత్ వంటివి మిగిలిన వాటాలోనే రావాలి.

• షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని గ్రామాలకు సంబంధించిన ప్రణాళికలకు గ్రామసభ ఆమోదం కావాలి.

• ఏటా ఆడిట్ జరగాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లోపు వార్షిక నివేదిక సిద్ధం చేసి వెబ్‌సైట్‌లో పెట్టాలి.

కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ట్రస్టు పాలక మండలికి జిల్లా కలెక్టర్ అధ్యక్షులు. ఎంపీలు, ఎమ్మెల్యేలు సభ్యులుగా ఉంటారు.

కాగితం మీద బాగుంది.. మరి లోపం ఎక్కడ?

ఇప్పుడు నైజీరియాను గుర్తుచేసుకోండి. డబ్బు జిల్లాకు వచ్చింది. మరి తనిఖీ?

డీఎంఎఫ్ డబ్బు ఏటా శాసనసభలో చర్చించి ఆమోదించే పద్దు కాదు. ట్రస్టు మండలిలో అధికారులు, ప్రజాప్రతినిధులదే మాట. గని పక్క ఊరివాళ్ల మాట ఎంతవరకు వినిపిస్తుందన్నది జిల్లాను బట్టి ఉంటుంది. అందుకే ఊళ్లో తాగునీటి ట్యాంకు లేకపోయినా, జిల్లా కేంద్రంలో ఆఫీసు భవనానికి మరమ్మతులు జరిగే ప్రమాదం ఉంటుంది. ప్రాధాన్యాలకు విరుద్ధంగా ఖర్చు చేయడం, డబ్బు వాడకుండా ఉంచేయడం వంటి లోపాలను పలు రాష్ట్రాల్లో కాగ్ ఆడిట్లు ఎత్తిచూపాయి. ఛత్తీస్‌గఢ్‌లో డీఎంఎఫ్ కాంట్రాక్టుల్లో కమీషన్ల ఆరోపణలపై ఈడీ కేసు నమోదై అధికారుల అరెస్టుల దాకా వెళ్లింది.

రాష్ట్ర స్థాయిలోనూ ఆకర్షణ తక్కువ కాదు. ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు జిల్లా ట్రస్టుల్లోని డబ్బు మీద కన్ను పడుతుంది. అందుకే ఈ నిధులను రాష్ట్ర ఖజానాకు మళ్లించకూడదని కేంద్రం 2021లో ప్రత్యేకంగా ఆదేశాలివ్వాల్సి వచ్చింది.

ముందుముందు ఈ ప్రశ్న ఇంకా పెద్దదవుతుంది. రాయల్టీ పన్ను కాదని, ఖనిజాలున్న భూములపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు ఉందని 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిది మంది సభ్యుల ధర్మాసనం 8-1 మెజారిటీతో తీర్పిచ్చింది. అంటే గనుల నుంచి రాష్ట్రాలకు మరింత డబ్బు వచ్చే దారి తెరుచుకుంది.

‘వద్దు’ అనే హక్కు ఎవరిది?

డబ్బు పంపకానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది. అసలు అక్కడ తవ్వాలా, వద్దా? ఈ విషయంలో దేశానికి దారి చూపిన కేసు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌దే.

విశాఖ ఏజెన్సీలో బొర్రా చుట్టుపక్కల గిరిజన గ్రామాల్లో ప్రైవేటు సంస్థలకు ఇచ్చిన మైనింగ్ లీజులపై ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. నికర లాభంలో కనీసం 20 శాతాన్ని స్థానికుల అభివృద్ధికి కేటాయించాలన్న ఆలోచనను కూడా ఆ తీర్పు ముందుకు తెచ్చింది. డీఎంఎఫ్ చట్టం రావడానికి 18 ఏళ్ల ముందు మాట ఇది.

బోట్స్‌వానాలో ఒక నాయకుడి నిర్ణయం చేసిన పని, ఇక్కడ ఒక చిన్న సంస్థ, ఒక కోర్టు తీర్పు చేశాయి. వ్యవస్థ అంటే ఇదే. పాలకులు మంచివాళ్లా కాదా అన్నదానిపై ఆధారపడకుండా, అడిగేవారికి ఒక దారి ఉండటం.

గని మూతపడ్డాక..

ఖనిజం ఒక్కసారే తవ్వగలం. మళ్లీ పండే పంట కాదది.

చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గర్లోనే ఉంది కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. 1902లోనే శివనసముద్రం నుంచి అక్కడికి జలవిద్యుత్ వచ్చింది. దేశంలో చాలా నగరాలకన్నా ముందే వెలుగు చూసిన ఊరు. వందేళ్లకు పైగా బంగారం ఇచ్చింది. 2001లో గనులు మూతపడ్డాయి. నేడు అక్కడివారు ఎందరో పని కోసం రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్లి వస్తున్నారు. వెళ్లిపోయిన బంగారం బదులు ఆ ఊరి పేరు మీద ఎలాంటి నిధీ మిగల్లేదు.

నార్వే చేసినట్టు కొంత దాచడం మనకు కొత్తేమీ కాదు. గోవా ఇనుప ఖనిజం కేసులో 2014లో సుప్రీంకోర్టు ఒక శాశ్వత నిధి ఏర్పాటు చేయాలని ఆదేశించింది. డీఎంఎఫ్ మార్గదర్శకాల్లోనూ గనుల తర్వాతి జీవనోపాధి కోసం కొంత డబ్బును ఎండోమెంట్ నిధిగా ఉంచే వీలుంది. అది మీ జిల్లాలో జరుగుతోందా అన్నదే తెలుసుకోవాలి.

మీరు ఏం అడగొచ్చు?

మీరు హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఉంటున్నా మీ సొంతూరు మంచిర్యాల, పెద్దపల్లి, భూపాలపల్లి, పల్నాడు, నంద్యాల, అన్నమయ్య వంటి గనులున్న జిల్లాలో ఉండొచ్చు. ముందుగా మీ జిల్లా వెబ్‌సైట్‌లో, కేంద్ర గనుల శాఖకు చెందిన జాతీయ డీఎంఎఫ్ పోర్టల్‌లో వివరాలు చూడండి. అక్కడ లేకపోతే కలెక్టరేట్‌లో లేదా జిల్లా గనుల శాఖ కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయొచ్చు. రుసుము 10 రూపాయలు. 30 రోజుల్లోగా సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు.

ఈ ఐదు ప్రశ్నలు అడగండి:

1. మా జిల్లా డీఎంఎఫ్‌కు ఏ ఏడాది ఎంత డబ్బు వచ్చింది? ఎంత ఖర్చయింది? ఎంత మిగిలింది?

2. మంజూరైన పనుల జాబితా ఏంటి? ఏ పని ఏ గ్రామంలో, గనికి ఎంత దూరంలో ఉంది?

3. ప్రత్యక్ష ప్రభావిత గ్రామాల జాబితాలో మా ఊరు ఉందా?

4. పాలక మండలి సమావేశాల మినిట్స్, గత మూడేళ్ల ఆడిట్ నివేదికల ప్రతులు ఇవ్వగలరా?

5. షెడ్యూల్డ్ ప్రాంతమైతే, గ్రామసభ తీర్మానాల ప్రతులు ఉన్నాయా?

రెండో ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని జాగ్రత్తగా చదవండి. గనికి 50 కిలోమీటర్ల దూరంలో జరిగిన పనులే జాబితాలో ఎక్కువగా ఉంటే, 70 శాతం నిబంధన ఎలా పాటించారని మళ్లీ అడిగే ఆధారం మీ చేతిలో ఉన్నట్టే.

నార్వేలో ఈ పని కోసం దరఖాస్తు పెట్టక్కర్లేదు, వెబ్‌సైట్ తెరిస్తే చాలు. మనం ఇంకా అక్కడికి చేరలేదు. కానీ అడిగే హక్కు చట్టంలో ఉంది. అడిగేవాళ్లు ఉన్నారని తెలిసిన జిల్లాలో సంతకం పెట్టే ముందు అధికారి ఒకటికి రెండుసార్లు ఫైలు చూస్తారు. మీ ఊరి మంచినీళ్ల ట్యాంకు ఆ ఫైలులోనే ఉండొచ్చు.